థర్మామీటర్లు అరువిచ్చిన లైబ్రరీ

యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్లో ఆమె పద్నాలుగేళ్లుగా పుస్తకాలిస్తోంది. ఒకరోజు పెద్ద లైబ్రేరియన్ గదిలోకి పిలిచాడు. ఎవరు నోరు తెరిచినా "ష్" అంటాడని పిల్లలు ఆయనకు ష్ సార్ అని పేరు పెట్టుకున్నారు.

"వాతావరణ మార్పు మీద పిల్లల చేత ఏదైనా చేయించాలమ్మా. చదివించడం కాదు, చేయించాలి."

"ఏం చేయించాలి సార్?"

"అదే మీరు ఆలోచించాలి."

గుమ్మం పక్కన బల్ల వేసి నలభై పుస్తకాలు పేర్చింది. మూడు వారాల్లో కదిలినవి రెండే. అందులో ఒకటి ఎవరో ఊగే కుర్చీ కాలికింద పెట్టుకున్నారు.

బడిలో సైన్సు చెప్పే అక్కకు ఫోన్ చేసి వాపోయింది. "పుస్తకమిస్తే చదువుతారే. చేయాలంటే చేతికేదైనా పనిముట్టివ్వాలి," అంది అక్క.

ఆమె పన్నెండు థర్మామీటర్లు తెప్పించి, పుస్తకాలకు మల్లే నంబర్లు అతికించి అరువివ్వడం మొదలుపెట్టింది. ఎవరి గది ఎంత వేడిగా ఉందో కొలిచి గోడమీది కాగితంలో రాయాలి. ఈసారి పిల్లలు వరస కట్టారు. పది రోజుల్లో కాగితం నిండింది. బయట నలభై డిగ్రీలు. అన్నిటికన్నా చల్లని చోటు లైబ్రరీ హాలే, పంతొమ్మిది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా మేడం, ముందు మన ఏసీ సంగతి చూద్దామా?" అన్నాడు కళ్లద్దాల కుర్రాడు. ఏసీ తగ్గించి కరెంటు ఆదా చేయమని రాసిన అర్జీ మీద అరవైమంది సంతకాలు పెట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. ఎండాకాలంలో కూడా తన కుర్చీకి స్వెటర్ వేలాడుతూనే ఉంటుంది.

"పిల్లల్ని కదిలించమంటే నా మీదికే కదిలించారేంటమ్మా!" అని విసుక్కుంటూనే ష్ సార్ ఏసీని ఇరవై ఎనిమిదికి మార్పించాడు.

నాలుగో రోజున ఒకమ్మాయి కౌంటర్ మీద థర్మామీటర్ ఠక్కున పెట్టింది. హాస్టల్ పై అంతస్తులో ఉంటుంది.

"మా గదిలో ముప్పైతొమ్మిది మేడం. ఇక్కడ చల్లగా ఉంటుందనే వచ్చి చదువుకునేదాన్ని. మీరు భూమిని కాపాడండి, కాదనను. మేమెక్కడికి పోవాలి?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మధ్యాహ్నమే ఆమె అమ్మాయి వెంట హాస్టల్ నాలుగంతస్తులెక్కింది. గోడమీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. మంచంమీద పది నిమిషాలు కూర్చునేసరికి జాకెట్టు తడిసిపోయింది. కుర్రాడన్నదీ నిజమే, ఈ పిల్ల అన్నదీ నిజమే. మరి తాను చేసింది మంచా, చెడా?

మర్నాడు ఇద్దర్నీ కౌంటర్ దగ్గరికి పిలిచింది. వాళ్లు గొంతులు పెంచి వాదించుకున్నారు. ష్ సార్ గదిలోంచి వచ్చి, నోటిదాకా వచ్చిన "ష్"ని మింగేసి, కుర్చీ లాక్కుని విన్నాడు.

చివరికి హాల్లో ఫ్యాన్లు బిగించి, ఏసీ ఇరవై ఐదు దగ్గర ఆపారు. ఎండ వేడి గదుల్లోకి దిగకుండా హాస్టల్ డాబాకు తెల్ల సున్నం వేస్తామని పిల్లలు వార్డెన్‌ను అడిగితే ఆయన ఒక్క బ్లాకుకే ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ముప్పైమంది డాబా ఎక్కారు. ఆమె కూడా కొంగు దోపి కుంచె పట్టింది. ఆ వారం పైగదుల్లో వేడి నాలుగు డిగ్రీలు తగ్గింది.

"అంటే ముప్పైఐదు," అందా అమ్మాయి తన గదిలో థర్మామీటర్ చూపిస్తూ, సంతోషించాలో ఏడవాలో తెలియనట్టు. "మనం గెలిచినట్టేనా మేడం?"

"ఏమోనమ్మా, నాకూ తెలీడం లేదు. పక్క బ్లాకు గురించి వార్డెన్‌ని మళ్లీ అడుగుదాం, వస్తావా?"

ఇద్దరూ మెట్లు దిగారు.