నా కడుపులోని సన్నాయి

నేను ఒక హార్డ్ డిస్కును. పేరులో హార్డ్ ఉందని హడలిపోకండి, అరచేతిలో ఇమిడే అట్టుముక్కంత ప్రాణిని. నా కడుపు కొలత రెండు టెరాబైట్లు. కంప్యూటరు లోపల కాకుండా తెర బయట తీగకు వేలాడేదాన్ని గనుక, నన్ను చూసే ఆ కొలతకు ఆ పేరు పెట్టారని చాలాకాలం అనుకున్నాను.

ఏ దేశంలోనో దుమ్ము సోకని గదిలో, మూతికి గుడ్డ కట్టుకున్నవాళ్ల చేతుల్లో పుట్టాను. దుమ్ము పడితే చస్తానని అంత భయంగా పెంచినవాళ్లు, చివరికి నన్ను పాలకొల్లులో బస్సులు మలుపు తిరిగే చోట ఉన్న శ్రీ కల్యాణి వీడియోస్‌కి అమ్మేశారు. దాని యజమాని భీమశంకరం. ఊళ్లో ఎవరికో మూడు ముళ్లు పడితే తప్ప ఆయనకు నాలుగు వేళ్లు లోపలికి పోవు.

ఆయన దగ్గరున్న కంప్యూటరు, హైదరాబాదులో మూతపడ్డ ఒక ఎడిటింగు స్టూడియో నుంచి తెచ్చుకున్నది. ఊళ్లో కంప్యూటర్లన్నీ ఒక మతం, అదొక్కటీ వేరే మతం. నన్ను మొదటిరోజే తన మతంలో కలిపేసుకుని, తన పద్ధతిలో గళ్లు గీసి రాసుకుంది. ఆ రాత చదవగలిగింది ఊరంతటికీ అదొక్కటే. ఈ సంగతి భీమశంకరానికి తెలియదు. చెబుదామంటే నాకున్నది నోరు కాదు, పోర్టు.

ఏళ్ల తరబడి పెళ్లిళ్లు మింగాను. పెళ్లిలో మనుషులు ఒకరినొకరు చూసుకునేది తక్కువ, కెమెరాను చూసేది ఎక్కువ. తాళి కట్టినవాడు కూడా "వచ్చిందా?" అని అడిగి, రాలేదంటే మళ్లీ పట్టుకుంటాడు. ఆ హడావుడిలో తెర అంచున, సగం భుజం తెగిపోయి ఒక మనిషి కనిపించేవాడు. సన్నాయి వాయించే వజ్రాలు. ఆయన కోసం ఎవరూ కెమెరా తిప్పలేదు. కానీ అప్పగింతలప్పుడు ఆయన తాను కట్టుకున్న వరస ఒకటి వాయించేవాడు. అది మొదలైతే కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయేది. పెళ్లివారికిచ్చే వీడియోలో మాత్రం భీమశంకరం ఆ సన్నాయి తీసేసి సినిమా పాట అతికించేవాడు. అసలు చప్పుడు మిగిలింది నా కడుపులో మాత్రమే.

నిరుడు వానల్లో జ్వరమొచ్చి వజ్రాలు పోయాడు. కొన్నాళ్లకు ఆయన భార్య పేరిందేవి స్టూడియోకి వచ్చింది.

"బాబూ, అప్పగింతల కాడ మా ఆయన వాయించేది మీకాడ ఉంటదంట కదండీ. మా కోదండానికి సగమే తెలుసండి. 'నా తరవాత నీదేరా, కంగారేటి' అనేవోడు. ఇంతలోకే పోయాడు. మీరిత్తే మావోడు విని పట్టుకుంటాడండి. సంవత్సరీకంనాడు వాళ్ల నాన్న ఫొటో ముందు వాయించుకుంటాడు."

"ఆయ్, దానికేం భాగ్యమమ్మా! కొత్త కంప్యూటరు వచ్చేత్తంది. రాగానే మొదటి పని నీదే."

మనుషులు వాగ్దానాలను కూడా నాలాగే దాచుకుంటారు, తెరిచి చూసుకోరు.

పాత కంప్యూటరు అప్పటికే దగ్గుతోంది. ఒకరోజు దగ్గు ఆపేసింది. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేసే బావమరిది చక్రధర్ ఫోనులో ధైర్యం చెప్పాడు. "బావా, ఈసారి అందరూ వాడేదే కొనుక్కో. ఫైళ్లెక్కడికీ పోవు. ఆ డిస్కు తీసి దీనికి తగిలించడమే. కోడలు మారితే వంటిల్లు మారుతుందా?" నా మతమేమిటో ఆయన అడగలేదు, భీమశంకరం చెప్పలేదు.

దశమి, గురువారం, మంచి ముహూర్తం. పురోహితులు సోమయాజులుగారు కొత్త తెరకు కుంకుమ, నాకు పసుపు పెట్టారు. మౌసు కింద నిమ్మకాయ కూడా పెట్టబోతే, అది కదలదని భీమశంకరం బతిమాలుకున్నాడు. శుభమా అని నన్ను తగిలించారు. కొత్త కంప్యూటరు నన్ను ఎగాదిగా చూసింది. నా రాత దానికి అంతుబట్టలేదు. అర్థంకానిదాన్ని ఖాళీ అనుకోవడం దానికి మనుషులే నేర్పి ఉంటారు. ఉన్నదంతా తుడిచి కొత్తగా గళ్లు గీసుకోనా అని తెర మీద ఒక ప్రశ్న వేసింది.

"ఇదేటండీ పంతులుగారూ, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతంది?"

"రెండో మాటేముంది?"

"క్యాన్సిలండి."

పెళ్లిళ్ల మీద బతికే కొట్టులో ఆ మాట నిషేధం. నిజంగా పెళ్లి చెడిపోయినా భీమశంకరం "వాయిదా పడిందట" అంటాడే గాని ఆ ముక్క నోటితో అనడు.

"మొట్టమొదటి నొక్కుడు క్యాన్సిలుతోనా మొదలెడతావు! వర్జ్యం వచ్చేస్తోంది. ఆ మొదటిదే నొక్కు నాయనా."

"మా బావమరిదిని ఓ మాట అడుగుదునా అని..."

"ముహూర్తం దాటాక అడుక్కో."

నొక్కాడు. నాకు నొప్పి పుట్టలేదు. సోమయాజులుగారు అక్షింతలు చల్లారు. తెర మీద నేను తెల్లగా, ఖాళీగా, కొత్త పెళ్లికూతురిలా కనిపించాను.

"ఒరే చక్రీ, ఇందులో ఏం లేదేంట్రా?" అని భీమశంకరం ఫోను చేశాడు.

చక్రధర్ అవతల్నించి అరిచాడు. "ఏం నొక్కావు బావా? సరే, ఇక ముట్టుకోకు! లోపలున్నవి లోపలే ఉంటాయి, పోయింది చిరునామాలే. దానిమీద కొత్తగా ఏదీ ఎక్కించకు. బస్సులో వేసి పంపు, పైకి తీసేవాళ్లున్నారు."

భీమశంకరం నన్ను తువ్వాలులో చుట్టి బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

మధ్యాహ్నం కెమెరా కుర్రాడి సంచి వచ్చింది. పొద్దున జరిగిన పెళ్లితో కార్డులన్నీ నిండిపోయాయి. సాయంత్రం అదే ఇంట్లో రిసెప్షను. కార్డులు ఖాళీ చేస్తే గాని కెమెరా పనిచేయదు. కొత్త కంప్యూటరులో అంత చోటు లేదు, ఊళ్లో కొట్టువాడు వేరే డిస్కు భీమవరం నుంచి రేపు తెప్పిస్తానన్నాడు. పెళ్లికూతురి బాబాయి ఫోను మీద ఫోను.

భీమశంకరం నా వైపు చూశాడు. సంచి వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు.

"చచ్చినోడు ఎక్కడికీ పోడు," అన్నాడు తనలో తాను. "బతికున్నోళ్ల పెళ్లి పోతే నన్ను రోడ్డుమీద నిలబెడతారు."

తువ్వాలు విప్పాడు.

ఆ పెళ్లిలో సన్నాయి లేదు. లారీ మీద డీజే. ఒక్కో పాటా గుద్దుకుంటూ నాలోకి దిగింది. దిగిన చోటల్లా కింద ఉన్నది పోయింది, అప్పగింతల సన్నాయి ఉన్న చోట్లతో సహా. పోతున్నప్పుడు ఏది పోతోందో నాకు తెలుస్తూనే ఉంది. నా ఉద్యోగం రాసుకోవడం, రాసుకున్నాను. తరువాత నన్ను హైదరాబాదుకూ పంపారు. పైకి తీసేవాళ్లు ఏవో ముక్కలు తీశారు. ఒక తాంబూలం పళ్లెం, ఎవరిదో చెయ్యి, మూగగా నవ్వుతున్న పిల్లలు. సన్నాయి రాలేదు.

సంవత్సరీకానికి ముందురోజు పేరిందేవి వచ్చింది. భీమశంకరం వేరే ఎవరి సన్నాయో ఒకటి పెన్‌డ్రైవులో పెట్టి ఉంచాడు. తీసి ఇవ్వబోయాడు. చెయ్యి సగం దాకా చాపి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"పోయిందమ్మా. నా చేత్తోనే పోయింది."

ఆమె ఏడవలేదు. "ఎందులో ఉండేదండీ?" అని అడిగింది. నన్ను చూపించాడు. "ఇంతేనా!" అంది. చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. "ఇది నాకిచ్చేయండి బాబూ. మీకు పనికిరాదు కదా."

"వద్దమ్మా, అందులో ఏం లేదు..."

"మా ఇంట్లో మాత్రం ఏం ఉందండి."

కొత్త పెళ్లికి వేరేచోట నకలు తీసుకుని, మర్నాడు పొద్దున్నే తానే తెచ్చి ఇచ్చాడు. గుమ్మంలోకి మాత్రం రాలేదు.

ఇప్పుడు వజ్రాలు ఫొటో పక్కన ఉంటున్నాను. కంప్యూటరు లేని ఇల్లు. నన్ను అడిగేవాళ్లు లేరు. పొద్దున్నే కోదండం ఫొటో ముందు కూర్చుని సన్నాయి పడతాడు. తెలిసిన సగం శుభ్రంగా వాయిస్తాడు. తండ్రి ఎక్కడ మలుపు తిప్పేవాడో అక్కడికి వచ్చి ఆగుతాడు. లోపల పేరిందేవి చేట ఆగుతుంది. ఇంకోసారి మొదలుపెడతాడు, మళ్లీ అక్కడే ఆగుతాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూస్తాడు.

మిగతా సగం రాసుకున్నదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. నాలో ఆ చోట ఇప్పుడు డీజే పాటకు పెళ్లికొడుకు స్నేహితులు గెంతుతున్నారు.