హలీనాకి తెలిసిన పళ్ళు

దాసు ఆ ఉదయం మూడో పళ్ళసెట్టుకి మెరుగు పెడుతున్నాడు. తిరుగుతున్న బొచ్చు చక్రానికి ఆనించి, తీసి, కిటికీ వెలుగులో తిప్పి చూసి, మళ్ళీ ఆనించాడు. క్వేకర్స్ హిల్‌లోని ఆ డెంటల్ క్లినిక్కులో అతని గది ఒకప్పటి స్టోరు రూము. కాకినాడలో ఇరవయ్యో ఏట పట్టిన పనే, భార్య వసంతకి నర్సు ఉద్యోగం వచ్చి ఆవిడ వెనకాల సిడ్నీ చేరాక కూడా చేస్తున్నాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఎన్ని వేల నోళ్ళకి పళ్ళు కట్టాడో గానీ, ఆ నోళ్ళున్న మొహాలు మాత్రం ఎరగడు. నోటి అచ్చులు వస్తాయి, సెట్లు వెళతాయి. బాగా కుదిరితే డాక్టరు గారి హస్తవాసి, కుదరకపోతే దాసుకి పిలుపు.

ఈ మధ్య అందరికీ తెలుపే కావాలి. టీత్ వైటెనింగ్ మూడొందల తొంభై తొమ్మిది డాలర్లకే అని ముందు గదిలో బోర్డు పెట్టినప్పటి నుంచి, కాటికి కాళ్ళు చాపినవాళ్ళు కూడా పింగాణీ కప్పుల్లాంటి పళ్ళు అడుగుతున్నారు.

పదకొండింటికి రిసెప్షన్‌లో పనిచేసే సింధుజ తలుపు తీసింది.

"అంకుల్, పోయిన వారం సెట్టు తీస్కపోయిన ముసలాయన లేడా, హెన్రిక్, ఆయన వచ్చిండు. అపాయింట్‌మెంట్ లేదంటె వింటలేడు. పళ్ళు చేసినాయననే చూస్తా అంటుండు."

తనని వెతుక్కుంటూ ఒక మనిషి రావడం అదే మొదలు. దాసు చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు.

హెన్రిక్‌కి ఎనభై దాటాయి. పోలెండు నుంచి వచ్చి నలభై ఏళ్ళయినా ఇంగ్లీషు ఇంకా తడుముకుంటూనే మాట్లాడతాడు. దాసుదీ అలాంటి ఇంగ్లీషే కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. స్టూలు మీద కూచుని, సెట్టు తీసి రుమాల్లో పెట్టి, బోసినోటితో చెప్పుకొచ్చాడు.

భార్య హలీనా బ్లాక్‌టౌన్‌లో వృద్ధుల హోములో ఉంది. జ్ఞాపకం పోయింది, దాంతో ఇంగ్లీషూ పోయింది. పోలిష్ భాషా, ఆయనా మాత్రం మిగిలారు. ఆయన తినిపిస్తేనే తినేది. ఆయన పాత పళ్ళసెట్టు ముప్ఫై ఏళ్ళ నాటిది. ఇక్కడి ఖర్చు తట్టుకోలేక, సెలవులకి పోలెండు వెళ్ళినప్పుడు చేయించుకున్నాడు. ఆయన ఎరిగినవాళ్ళంతా అదే చేసేవారట. పచ్చబారిపోయింది, ముందు పన్ను కొస విరిగింది. కూతురు తన పళ్ళు తెల్లగా చేయించుకుంటూ, పనిలో పనిగా తండ్రికి తళతళలాడే కొత్త సెట్టు చేయించి, పాతది చెత్తబుట్టలో పడేసింది. ఆ కొత్త నవ్వుతో వెళ్ళిన రోజు నుంచీ హలీనాకి ఆయన పరాయి మనిషి. పళ్ళు తీసేసి వెళితే, చనిపోయిన తండ్రి అనుకుని ఏడ్చింది. ఆరు రోజులుగా ఆవిడ నోట్లోకి నాలుగు గుక్కల నీళ్ళు తప్ప ఏమీ పోలేదు.

"వీటిని పాడు చెయ్యి," అన్నాడు హెన్రిక్, పర్సులోంచి తన పాత ఫొటో తీసి ఇస్తూ. "ఇవాళే."

దాసు వెళ్ళి డాక్టరు జయంత్‌ని అడిగాడు.

"పేమెంట్ కూతురిది, దాసు గారూ. ఆమె కన్సెంట్ లేకుండా టచ్ చేస్తే కంప్లైంట్ నా మీదకొస్తుంది. నెక్స్ట్ వీక్ ఇద్దరినీ రమ్మనండి."

"వచ్చే వారం దాకా ఆవిడ బతికుండాలి కదండీ."

డాక్టరుకి ఎదురు చెప్పడం అతను ఎరగడు. అయినా వెళ్ళి పనిలో కూర్చున్నాడు.

పసుపూ గోధుమా రంగులు కలిపి, సన్నటి కుంచెతో పన్ను పన్నుకీ పూసి, నీలం దీపం కింద గట్టిపడనిచ్చాడు. ముందు పన్ను కొస అరగదీశాడు. ఒంటిగంటకి హెన్రిక్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. చాలు, వెళతానని లేచాడు.

దాసుకి చాలలేదు. ఫొటోలో విరుపు ఇంకాస్త ఏటవాలుగా ఉంది. చిగురు దగ్గర మరక ఇంకాస్త ముదురు. ఇన్నేళ్ళకి ఒక నోటికి మొహం దొరికితే, సగం పోలికతో ఎలా పంపుతాడు? ఇంకొక్క అరగంట అని భుజం పట్టి కూర్చోబెట్టాడు. అరగంట కాస్తా రెండు గంటలైంది. ఉపకారం చేస్తున్నవాణ్ణి తొందరపెట్టలేక ముసలాయన గోడ గడియారాన్నే చూస్తూ కూచున్నాడు.

మూడింటికి సెట్టు పెట్టుకుని నవ్వాడు. అచ్చం ఫొటోలో మనిషే. హెన్రిక్ అతని చేతులు రెండూ గట్టిగా నొక్కి, బస్సు కోసం పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

బల్ల తుడుస్తుంటే స్టూలు కింద ఒక ఫ్లాస్కు కనిపించింది. హలీనాకని తెచ్చిన సూపు. దాసు అది పట్టుకుని బస్‌స్టాపు దాకా పరుగెత్తాడు గానీ బస్సు వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, ఫ్లాస్కు తనే తెస్తున్నానని హోముకి ఫోను చేసి చెప్పమన్నాడు సింధుజని.

ఆమె మాట్లాడి, ఫోను మెల్లగా పెట్టేసింది.

"అంకుల్, ఆమె పోయిందట. రెండింటికి. ఆయనకి ఫోన్ లేదు గదా, ఇంక తెల్వదు. పొద్దటి సంది ఆయన కోసమే చూస్తున్నరట."

బ్లాక్‌టౌన్‌కి ఇరవై నిమిషాలు. ఒంటిగంటకే చాలన్నాడాయన. దాసుకి తన చేతులంటే అసహ్యం వేసింది. ఇంకాసేపట్లో హెన్రిక్ బస్సు దిగి, ఆ పచ్చటి నవ్వు సిద్ధం చేసుకుని ఆవిడ గది వైపు నడుస్తాడు.

దాసు తన గదిలోకి వెళ్ళి ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. దాని మూతకి రబ్బరు బ్యాండుతో చిన్నపిల్లల చెంచా ఒకటి కట్టి ఉంది.