వదిన టోకెన్

ఒకప్పుడు ఆ ఆఫీసు పాస్‌వర్డులు మానిటర్లకు అంటించిన చీటీల మీద ఊరందరికీ కనబడేలా ఉండేవి. వాటన్నిటినీ ఒకే సర్వర్‌లో పెట్టి తాళం వేసింది వదిన. మరిదికి అక్కడే ఉద్యోగం ఇప్పించాక ఆఫీసు మొత్తానికీ ఆవిడ వదినే అయిపోయింది. లాగిన్ అయినవాళ్లకు సర్వర్ ఒక టోకెన్, అంటే తాళంచెవి లాంటి కోడ్, ఇస్తుంది; ఎవరి టోకెన్ వాళ్లదే, దానితో ఏం జరిగినా పూచీ వాళ్లదే అని రూలు పెట్టిందీ ఆవిడే. ఎవరైనా లాగౌట్ కాకుండా కుర్చీ దిగితే ఒంటికాలి మీద లేచేది.

ఒకరోజు మరిది ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆ సర్వర్‌కు కమాండ్లు పంపే టూల్ మొరాయిస్తోందట. ఆవిడ సర్వర్ అడ్రసు సరిచేసింది, సర్వర్‌ను గుర్తుపట్టే సర్టిఫికెట్ ఫైలు ఎక్కడుందో టూల్‌కు చూపించింది. వాడికింకా అనుమతి రాలేదు కనుక, పనిచేస్తోందో లేదో చూద్దామని తన పేరుతోనే లాగిన్ అయింది. టూల్ పనిచేసింది. అంతలో మీటింగుకు పిలుపొచ్చింది. టూల్ టోకెన్‌ను ఫైల్లో దాచుకుంటుందని అందరికీ పాఠం చెప్పిన మనిషి, అయినవాడే కదా అని లాగౌట్ కాకుండానే లేచి వెళ్లిపోయింది.

అనుమతి వచ్చేదాకా ఆగే ఓపిక వాడికి లేదు. ఆ టోకెన్‌తో కస్టమర్ల డేటాబేస్ పాస్‌వర్డు లాగి, తన ప్రోగ్రాములో అతికించి, ఇంటర్నెట్‌లో అందరూ చూసేచోట పెట్టేశాడు. కస్టమర్ల వివరాలన్నీ బజారున పడ్డాయి.

ఎవరేం తీశారో సర్వర్ రాసుకునే లాగ్‌లో ఆవిడ పేరుంది. ల్యాప్‌టాప్ మాత్రం మరిదిది. మేనేజర్ నిలదీస్తే వాడు తల వంచుకుని అన్నాడు: "వదినే సెట్ చేసి ఇచ్చింది సార్. అది ఎవరి టోకెనో నాకేం తెలుసు?"

వాడికి తెలుసు. ఆ రోజు లాగిన్ అయినప్పుడు టోకెన్ ఎవరిదో స్క్రీన్ మీదే వాడికి చూపించింది ఆవిడ. వాడు తలెత్తుతాడేమోనని చూసింది, ఎత్తలేదు. మేనేజర్ ఆవిడ రూలునే ఆవిడకు చదివి వినిపించాడు. ఆవిడ కోపం రూలు మీద కాదు, వంచిన ఆ తల మీద.

ఆవిడ ఉద్యోగం పోయింది. సర్వర్ గురించి కాస్తో కూస్తో తెలిసినవాడు వాడొక్కడే కనుక ఆ బాధ్యత వాడికే అప్పగించారు. ఆఖరి రోజు వాడి ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ లాగిన్ కూడా ఆవిడే సెట్ చేసింది.

"ముందు నా టోకెన్ రద్దు చెయ్యి," అంది.

"ఇంట్లో అన్నయ్యతో ఏం చెప్తావు వదినా?"

"ఎంటర్ కొట్టు."

కొట్టాడు. ఆవిడ పేరు జాబితాలోంచి పోయింది. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, లాగౌట్ కాకుండానే టీకి లేచి వెళ్లాడు. ఆవిడ చూసింది. ఈసారి ఏమీ అనకుండా బ్యాగు భుజాన వేసుకుంది.