చెవితమ్మె మాదిరి

పెళ్లయిన ఇరవయ్యో రోజున శ్రీకర్ నన్ను గాజులదిన్నె డ్యాముకు తీసుకెళ్లాడు. ఊటీ అని ఊరించినవాడు డ్యాము గట్టు చూపిస్తే ఎవరైనా అలుగుతారు. నాకు మాత్రం భలే నచ్చింది. ఫ్లాస్కులో టీ, పొట్లంలో ఉగ్గాని, ఎదురుగా అంత నీళ్లు. ఎప్పుడూ నీళ్ల కరువుండే ఆస్పరిలో పుట్టినదాన్ని, అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే నాకు నవ్వొస్తుంది.

శ్రీకర్‌వాళ్లది ఆదోనిలో పత్తి వ్యాపారం. ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. అయినా ఈయనకు చేపలు పట్టే పిచ్చి. పట్టి, బుజ్జగించి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. "సేపను తేడు, దాని వాసన మాత్రం తెస్తాడు" అని మా అత్తగారు అలివేలుమంగ ప్రతి ఆదివారం బకెట్ నీళ్లు వాకిట్లోనే పెట్టి ఉంచుతుంది.

గట్టు మీద ఆ రోజు మాతో పాటు ఇద్దరే ఉన్నారు. ఒకరు అయ్యన్న, రిటైరైన బస్సు కండక్టరు. ఇంకొకరు గోవిందు మామ, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఆయన. పదేళ్లుగా ఏడుగురు ప్రతి ఆదివారం అక్కడ కలిసేవాళ్లట. ఫోన్లో 'గాలం బ్యాచ్' అని గ్రూపు పెట్టుకున్నాక రావడం తగ్గిపోయింది. ఫోటోలు, వీడియోలు, ఎవరు ఏ గాలం కొన్నారో అన్నీ అందులోనే. గోవిందు మామది బటన్ ఫోను. ఆయన ఏమన్నా చెప్పాలంటే అయ్యన్నే టైపు చేసి గ్రూపులో పెట్టేవాడు.

గోవిందు మామ గాలానికి గుచ్చడానికి చేసే మేత కోసమే శ్రీకర్ ఆయన చుట్టూ తిరుగుతాడు. నూనె తీసిన వేరుశెనగ బుడ్డల చెక్క పొడి, జొన్నపిండి, కొంచెం బెల్లం. వీటిలో రహస్యమేమీ లేదు. ఉన్నదంతా మెత్తదనంలోనే. గట్టిగా ఉంటే బొచ్చె చేప ముట్టదు, మెత్తగా ఉంటే నీళ్లలో పడగానే కరిగిపోతుంది.

"సెవితమ్మె మాదిరి ఉండల్ల పాపా. పిండి ఒకసారి పట్టుకో, సెవి ఒకసారి పట్టుకో" అన్నాడు మామ.

నేను ముద్దను నొక్కి, శ్రీకర్ చెవి పట్టుకున్నాను.

"ఆయప్ప సెవి వద్దు! అది పత్తి సేటు సెవి, దూదిలో పెరిగిండాది. నీ సెవి పట్టుకో!"

టీ తాగుతున్న అయ్యన్నకు పొలమారింది. శ్రీకర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఇంకోసారి చూడాలని నేను వెంటనే రెండో చెవి కూడా పట్టుకున్నాను.

ఆ రోజు నాకు ముద్ద కుదరలేదు. "ఒక్కపూటలో రాదు పాపా, నాలుగు వారాలు రాండి, సెయ్యికే తెలుస్తాది" అన్నాడు మామ. తప్పకుండా వస్తామని ఆయన చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాను.

మొదటి ఆదివారం మా పెద్దమ్మవాళ్లింట్లో భోజనాలు. రెండో ఆదివారం సినిమా. మూడో ఆదివారం శ్రీకర్ తెల్లవారకముందే లేచి గాలాలు సర్దుకుంటుంటే నేనే దుప్పటి లాగి, "ఈ వారం వద్దులే" అన్నాను. బయట చలి, లోపల మేమిద్దరం. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ వారం శ్రీకర్ మేత ఎంత మెత్తగా ఉండాలని గ్రూపులో అడిగితే, మామ మాటగా అయ్యన్న పెట్టిన జవాబు ఇది: "మెత్తదనం ఫోన్లో ఎట్ల సెప్పల్లప్పా? రాండి."

నాలుగో శనివారం సాయంత్రం మళ్లీ మెసేజ్ వచ్చింది. "రేపు గోవిందన్న మేత కలిపి తెస్తాడంట. కొత్త కోడలికి నేర్పిస్తాడంట. మేమిద్దరే కూసోని విసుగొస్తాందంట. ఈసారన్నా అందరూ రాండి."

ఈసారి అందరూ వస్తామన్నారు. నేను పప్పు, బెల్లం రుబ్బి ఓళిగలు చేశాను, మామ భార్య సుంకులమ్మత్త కోసం.

ఆదివారం ఆరున్నరకు అయ్యన్న మెసేజ్. "గోవిందన్న తెల్లారుజామున పోయినాడు. అందరూ రాండి."

"చూశావా, మనకంటే ముందే పోయినాడు" అని శ్రీకర్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. మిగతావాళ్లు చేప బొమ్మలు పెట్టారు. ఒకరు "మంచి జాగా పట్టమను అన్నా" అన్నారు. ఇంకొకరు "పెద్దది పడితే ఫోటో" అన్నారు.

దారంతా పత్తి లారీలు. గాలికి ఎగిరిన దూది నా జడకు అంటుకుంటే శ్రీకర్ అద్దంలో చూసి నవ్వాడు. డ్యాముకు పోయే రోడ్డు పక్కనే మామవాళ్ల వీధి. ముందు ఓళిగలు ఇచ్చేద్దామని ఎమ్మిగనూరులో ఆ వీధి మొదట్లో ఆగాం. ఆయన బండి నిలుపుతుండగానే నేను డబ్బా పట్టుకుని పరుగెత్తాను. వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ఆదివారం కదా అనుకున్నాను. సుంకులమ్మత్త గడప దగ్గర కూర్చుని ఉంది, పక్కన ఇద్దరు ఆడవాళ్లు.

"అత్తా, ఓళిగలు తెచ్చినా! మామ మాకంటే ముందే పోయినాడంట కదా!"

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"పోయినాడు పాపా" అంది.

అప్పుడు కనిపించాయి లోపల చాప మీద పాదాలు. నా నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియలేదు.

శ్రీకర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఫోను తీసి తన బొటనవేలు బొమ్మను తుడిచేశాడు. "ఈ సందేశం తొలగించబడింది" అని ఒక గీత మిగిలింది. దాని కింద చేపలు అలాగే ఉన్నాయి. నిజం టైపు చేసి పెట్టాడు. ఎవరూ చూడలేదు. అందరూ బండ్ల మీద ఉన్నారు.

లోపలున్న అయ్యన్న బయటికొచ్చి, డ్యాముకు పోయే బండ్లను ఆపడానికి వీధి మొదటికి పోయి చేతులు చాచి నిలబడ్డాడు. గాలాలు భుజాన వేసుకుని, కేకలు పెట్టుకుంటూ వచ్చారు ఒక్కొక్కరే. "ఏమన్నా, ఈడికే వచ్చినావు మమ్మల్ని పిలవనీక?" అని ఒకాయన నవ్వడం మాకు వినిపించింది. తర్వాత అందరూ భుజాల మీది గాలాలు దించి, చేత పట్టుకుని వీధిలోకి వచ్చారు.

"సచ్చిపోయినాడని రాయనీక సెయ్యి రాలేదప్పా" అన్నాడు అయ్యన్న తిరిగొచ్చి. "పోయినాడని రాసినా. ఎదురుగా ఉండి సెప్పింటే నా మొగం సూసి తెలుసుకుందురు కదా." ఆయన మళ్లీ మళ్లీ అదే అన్నాడు.

కాసేపటికి సుంకులమ్మత్త లోపలికి పోయి ఒక తడిగుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. "నిన్న పొద్దుగూకేటప్పుడే కలిపినాడు. ఆ పాప వస్తాది అన్నాడు."

విప్పాను. మేత ముద్దకు అంచుల దగ్గర పగుళ్లు వచ్చాయి. నొక్కాను. నా చెవి పట్టుకున్నాను. మళ్లీ నొక్కాను. ఆరిపోయిందా, లేక ఇలాగే ఉండాలా? నీళ్లు చిలకరించాలంటే భయమేసింది, ఆయన వేలిగుర్తులు పోతాయని. మూటను శ్రీకర్‌కు ఇచ్చాను. ఆయన నొక్కి పక్కవాళ్లకు ఇచ్చాడు. గాలాలు గోడకు ఆనించి, ఒకరి తర్వాత ఒకరు పిండి పట్టుకున్నారు, చెవి పట్టుకున్నారు. చివరికి అయ్యన్న.

"సరిగ్గా ఉందా అన్నా?" అని అడిగాను.

పదేళ్లు ఆయన పక్కన కూర్చున్న మనిషి. చెవి వదలకుండా నన్నే చూశాడు.

"నాకేం తెల్సు పాపా," అన్నాడు, "ఎప్పుడూ ఆయప్పే కలుపుతాండె."