ఉప్పుబండ్ల దారి

కడప ఊరి బయట విమానాలు దిగే మైదానం ఒకటి చదును చేసి మూడేళ్ళయింది. దానికి కావలి బసవన్న. ఖాకీ చొక్కా, చేతికర్ర, ఒక తాటాకు కొట్టం ఇచ్చి కూర్చోబెట్టారు. ఈ మూడేళ్ళలో అక్కడికి మేకలొచ్చాయి, గొర్రెలొచ్చాయి, ఒకసారి దారి తప్పిన పెళ్ళివారి బండి కూడా వచ్చింది. విమానం మాత్రం ఆ పక్కకు తొంగి చూడలేదు. ఊళ్ళో వాళ్ళు కనపడినప్పుడల్లా "ఏమప్పా బసవన్నా, ఇమానం బయల్దేరిందంటనా?" అని అడిగి మరీ నవ్వేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ నవ్వేది అతని పెళ్ళాం హులిగెమ్మ. ఆదోని దిక్కు పిల్ల, నోటికి అడ్డూ ఆపూ లేదు. పెళ్ళయిన కొత్తలో బసవన్న ఆమెకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలీదు. కొత్త పెళ్ళికొడుకు సంబరంలో ఏదో ఒకటి ఇవ్వాలి కదా, చేతిలో దుడ్లు లేవు, మాట ఇచ్చేశాడు. పన్నెండేళ్ళయింది. అతను మరిచిపోయాడు, ఆమె మరవలేదు.

చూపించకపోతే పోనీ, దారైనా తెలుసుకుందామని ఆమె ఉప్పుబండ్ల వాళ్ళను పట్టుకుంది. నెల్లూరు తీరం నుంచి ఉప్పు తోలుకొచ్చే బండ్లు ఏటా వాళ్ళ వాకిటి ముందు దారినే పోయేవి. నీళ్ళకని ఆగిన ప్రతి బండివాణ్ణీ కూర్చోబెట్టి మజ్జిగ పోసి, "సముద్రానికి యెట్ట పోవాలన్నా?" అని మొదలుపెట్టేది. ఒకడు మొదటి మజిలీ చెప్పాడు, ఇంకొకడు రెండోది. అలా ఆరు మజిలీలు కూడబెట్టింది. పెన్న దాటినాక చింతతోపు బావి, బద్వేలు అవతల గుండు పక్క దొరువు, కనుమలో పాడుబడ్డ సత్రం వెనక దిగుడుబావి... జొన్నలు విసురుతూ వాటినే పాటలాగా వల్లించేది. ఎద్దులు నీళ్ళు తాగే చోటల్లా ఆమెకు తెలుసు. సముద్రం ఎలా ఉంటుందో మాత్రం తెలీదు.

ఆ ఏడు మాఘ పౌర్ణమికి ముందురోజు బసవన్నకు పన్నుపోటు వచ్చింది. మూడేళ్ళలో ఒక్కపూట కూడా మైదానం విడవని మనిషి, ఇక ఓర్చుకోలేక పన్ను పీకించుకోవడానికి టౌన్లో ఆసుపత్రికి బయల్దేరాడు. కర్ర పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"ఈ పూట చూసుకో."

"ఏం చూసుకోవాల? ఇమానమొస్తే కట్టెయ్యాల్నా?"

"మేకలొస్తే తోలు. సాలు."

అతను అటు వెళ్ళి గంట కాలేదు, ఆకాశంలో ఒకటే మోత. హులిగెమ్మ కొట్టంలోంచి బయటికొచ్చి చూసి నోరు తెరిచింది. వెండిరంగు విమానం, ఎండలో తళతళమంటూ మైదానం చుట్టూ తిరుగుతోంది. మైదానం నడిమధ్యన ఇరవై మేకలు తాపీగా గడ్డి పీకుతున్నాయి.

ఆమె కొంగు బిగించి పరుగెత్తింది. జుట్టు ఊడిపోయింది, కాలి మెట్టె ఒకటి ఎక్కడో పడిపోయింది. ఒక పక్క మేకల్ని అదిలిస్తూ, ఇంకో పక్క తలెత్తి విమానాన్ని గదమాయించింది. "ఉండప్పా! రవ్వంత ఓపిక పట్టు! తోలుతాండా గదా!"

విమానం నిజంగానే ఓపిక పట్టింది. ఇంకో చుట్టు తిరిగొచ్చి, చివరి మేక గట్టు దాటగానే దుమ్ము లేపుకుంటూ దిగింది. హులిగెమ్మ కర్ర పైకెత్తి గంతేసింది. తను ఆపిన విమానం!

తెల్లబట్టల పైలట్ దిగాడు. వెనకే ఏడెనిమిది మంది దిగారు. హైదరాబాదు నుంచి మద్రాసు పోతున్నారట, అక్కడ దట్టంగా మంచు పట్టి దిగే వీల్లేక ఇటు తిప్పారట. మంచు విడిచాకే మళ్ళీ ఎగరడం. అది మధ్యాహ్నమో, సాయంత్రమో చెప్పలేమని పైలట్ అన్న మాటను ఒక ప్రయాణికుడు తెలుగులో చెప్పాడు.

ఆ మాట వినగానే సుబ్బలక్ష్మమ్మ అనే పెద్దావిడ గొల్లుమంది. కర్నూలు దిక్కు భూములున్న ఇంటి మనిషి, హైదరాబాదులో కొడుకు దగ్గరుండి వస్తోంది. మనవడికి విషజ్వరం తగ్గితే మాఘ పౌర్ణమి నాడు నెల్లూరు దగ్గర మైపాడులో సముద్రస్నానం చేస్తానని మొక్కుకుంది. మద్రాసులో దిగి రైలెక్కితే సాయంత్రానికి నెల్లూరు చేరేది. ఇప్పుడు ఆ రైలు అందదు. పౌర్ణమి చూస్తే రేపే.

"ఈడినుంచి సముద్రానికి పోయేదానికి ఏమేం బండ్లుండాయప్పా?" అని కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

అప్పటికే సగం కడప అక్కడికి చేరింది. సముద్రం మొహం చూసినవాడు అందులో ఒక్కడూ లేడు. దారి చెప్పని వాడూ లేడు. ఒకాయన రాత్రి మెయిలెక్కి రేణిగుంటలో మారమన్నాడు, గూడూరులో మళ్ళీ మారమన్నాడు, లెక్కవేస్తే రేపు పొద్దు వాలాక చేరేట్టుంది. ఇంకొకాయన సొంత ఎద్దుల్ని కట్టిస్తానన్నాడు, ఆరు రోజులట. జట్కా లాజరు ముందుకు తోసుకొచ్చి, "నా గుర్రం సముద్రం దాకా ఒక్క ఉరుకమ్మా!" అన్నాడు. ఆ గుర్రం బజారు దాటడానికే బతిమాలించుకుంటుందని ఊరందరికీ తెలుసు.

"ఒంటిగంటకు నెల్లూరు బస్సుండాది. బద్వేలు మీంద పోతాది," అంది హులిగెమ్మ. "ఆ దారంతా నాకు తెల్సు."

"నువ్వు పోయొచ్చినావా?"

"శానాసార్లు!"

నాలుక ముందు అనేసింది, బుద్ధి తర్వాత కంగారుపడింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. పెద్దావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు నాతో రావాల తల్లీ. నీకు పున్నెముంటాది."

పుణ్యం సంగతి దేవుడెరుగు, హులిగెమ్మకు మాత్రం ఒళ్ళంతా పులకరించింది. సద్దిచెంబు చంకన పెట్టుకుంది. చేతిలో కర్ర మిగిలింది. చుట్టూ చూసి పైలట్ చేతిలో పెట్టేసింది. "మా ఆయనొచ్చేదాకా మేకల్ని చూస్తాండు నాయనా." అతనికి భాష రాదు గానీ, కర్ర బుద్ధిగా పట్టుకున్నాడు.

బస్సు దగ్గరికి ఇద్దరినీ ఎక్కించుకున్న లాజరు జట్కా ఊరు చేరేలోపు బసవన్న ఎదురయ్యాడు. దవడ చుట్టూ గుడ్డ, నోటినిండా దూది. పెళ్ళాం జట్కాలో కనిపించేసరికి నిలబడిపోయాడు.

"యోవ్! ఇమానం దిగినాది! నేను సముద్రానికి పోతాండా!"

"మ్మ్? మ్మ్మ్!" అన్నాడు బసవన్న. నాలుగడుగులు జట్కా వెంట ఉరికాడు, నాలుగడుగులు మైదానం వైపు ఉరికాడు, మళ్ళీ జట్కా వైపు తిరిగాడు. హులిగెమ్మ నవ్వు ఆపుకోలేక బండి చట్రం పట్టుకుంది. చివరికి అతను తలగుడ్డ చేతబట్టుకుని విమానం వైపే లగెత్తడం కనిపించింది. ఎందుకో అప్పుడు ఆమెకు మొగుడి మీద శానా ప్రేమ పొంగింది.

బస్సులో ఆమె కుదురుగా కూర్చుంటే ఒట్టు. పెన్న దాటగానే "ఇదే చింతతోపు బావి! ఆపప్పా!" అని కేకేసింది. గుండు పక్క దొరువు వచ్చింది, మళ్ళీ కేక. ఇంతకాలం నోట్లో ఉన్న దారి ఒక్కొక్కటే కంటి ముందుకొస్తుంటే ఆమెకు ఈలవెయ్యాలనిపించింది. డ్రైవరు బొజ్జన్నకు మాత్రం ఒళ్ళు మండింది.

"నీళ్ళు కనపడిన చోటల్లా ఆపేదానికి ఇదేమన్నా ఎద్దులబండా? బస్సు నీళ్ళు తాగుతాదా?"

బస్సు ఆ మాట విన్నట్టుంది. కనుమ ఎక్కుతూ సగంలో బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది. ఇంజనులో నీళ్ళు ఇంకిపోయాయి, డబ్బాలో చుక్క లేదు. చుట్టూ రాళ్ళు, ఎండిన కంప. రేపు పొద్దున వచ్చే బస్సు దాకా ఇక్కడే పడుండాల్సిందే అన్నాడు బొజ్జన్న. సుబ్బలక్ష్మమ్మ మొహం వాడిపోయింది.

హులిగెమ్మ కళ్ళు మూసుకుని మజిలీలు వల్లించుకుంది. చింతతోపు, దొరువు, మూడోది... "పాడుబడ్డ సత్రం యాడుండాది?"

"ఆ మలుపులో గోడలేవో ఉండాయి. ఏం?"

"దాని ఎనకాల దిగుడుబావి ఉండాది. రాండి!"

గోడల వెనక కంప జరిపి చూస్తే మెట్లు, మెట్ల కింద నల్లటి నీళ్ళు. ఏళ్ళ తరబడి ఆ దారిన బస్సు నడుపుతున్న బొజ్జన్నకు అక్కడ బావి ఉన్నట్టే తెలీదు. అందరూ చెంబులతో, డబ్బాలతో, ఒకాయన తలపాగా ముంచి పిండి మరీ బస్సు దాహం తీర్చారు. ఆ తర్వాత బొజ్జన్న ప్రతి బావి దగ్గరా తనే వేగం తగ్గించి, "ఈడ ఆపాల్నా అక్కా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నెల్లూరు సత్రంలో పడుకున్నారు. తెల్లవారి జట్కా ఎక్కారు, కాలువ దగ్గర దిగి పడవ ఎక్కారు, పడవ దిగి ఇసకలో నడిచారు. అటూ ఇటూ ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

హులిగెమ్మ అడుగు ఆగింది. ఇదే ఆరో మజిలీ. ఉప్పుబండ్ల వాళ్ళు బండి నింపుకుని వెనక్కి మళ్ళేది ఇక్కడినుంచే. ఇక్కడి నుంచి ముందుకు ఎవరూ ఆమెకు ఒక్క మాట చెప్పలేదు.

"ఇంక యెటు పోవాలే?" అంది సుబ్బలక్ష్మమ్మ.

అంతలో ఇసకదిబ్బ అవతలనుంచి పెద్ద మోత వినపడింది. హులిగెమ్మ గభాలున తలెత్తి ఆకాశమంతా వెతికింది. "అమ్మా, ఇంగో ఇమానం వస్తాండాది!"

పెద్దావిడ ఆమె మొహంలోకి చూసింది. ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. కడుపు పట్టుకుని నవ్వింది.

"శానాసార్లు వచ్చినావా నువ్వు? అది ఇమానం కాదే పిచ్చిదానా! సముద్రం!"

హులిగెమ్మ సిగ్గుతో చచ్చిపోయింది గానీ ఒక్క క్షణమే. పెద్దావిడ చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ దిబ్బ ఎక్కారు. అవతల ఎక్కడా గట్టు లేదు. అన్ని నీళ్ళు ఒక్కచోట ఉండొచ్చని ఆమె కలలో కూడా అనుకోలేదు. "ఓయమ్మో! ఓయమ్మో!" అంటూ దిగువకు ఉరికింది. అల వచ్చి పడగొట్టింది, లేచింది, ఇంకో అల పడగొట్టింది. అరవై ఏళ్ళ సుబ్బలక్ష్మమ్మ కూడా పక్కనే పడి, మొక్కు సంగతి మరిచిపోయి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. తర్వాత గుర్తొచ్చి, మనవడి పేరు చెప్పుకుని మూడు మునకలు వేసింది.

మూడో రోజు సాయంత్రం హులిగెమ్మ మైదానానికి తిరిగొచ్చింది. బసవన్న కర్ర ఒళ్ళో పెట్టుకుని కొట్టం ముందు కూర్చున్నాడు. దవడ వాపు తగ్గింది, మొహం మాత్రం దిగాలుగానే ఉంది.

"చూసినావా ఇమానాన్ని?"

"నేను పోయేతలికి ఎగిరిపాయ. కర్ర మాత్రం కొట్టానికి ఆనించిపోయినారు." తల వంచుకున్నాడు. "మూడేండ్లు కాసినా. నేను లేనిరోజే వచ్చినాది."

నవ్వుదామనుకున్న హులిగెమ్మకు నవ్వు రాలేదు. పక్కన కూర్చుని, సద్దిచెంబు మూత తీసి ముందు పెట్టింది. బసవన్న వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పన్ను పీకిన చోట చుర్రుమంది.

"ఉప్పు," అన్నాడు. ఆ నీళ్ళలో ఇంకోసారి వేలు ముంచాడు. "నేను చూపిస్తానంటి. నువ్వే పోయి చూసొస్తివి."

"నువ్వే గదా చూపిస్తివి," అంది హులిగెమ్మ, అతని ఒళ్ళో కర్ర మీద చెయ్యేసి. "ఆ పొద్దు నువ్వు ఇది నా చేతికియ్యకపోతే, సముద్రాన్ని నేను యాడ చూస్తాంటి?"