లేవని చిటికెన వేలు

పై మూత తీసిన ఆంప్లిఫయర్‌లో, పచ్చని బోర్డు మీది అతుకుల్ని మికురియా ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతున్నాడు. తట్టేది అన్నం తినే వెదురు పుల్లతో. రెండు పెద్ద స్పీకర్లకు ఎదురుగా అతని భార్య సయోకో పీట మీద కళ్లు మూసుకుని కూర్చుంది. పుల్ల ఒకచోట తగలగానే కుడి స్పీకర్లో, ఎక్కడో పక్కింటి పొయ్యి మీద ఆవాలు చిటపటలాడినట్టు సన్నని చప్పుడు వచ్చింది. సయోకో చిటికెన వేలు లేచింది. మికురియా అక్కడ పాత టంకం కరిగించి కొత్తది వేశాడు.

ఒసాకాలో కరెంటు సామాన్ల అంగళ్లుండే నిప్పొంబాషి వెనక సందులో వాళ్ల దుకాణం. ఒకప్పుడు జనం కారు కొనడం మానుకుని కొనుక్కున్న ఆంప్లిఫయర్లు అక్కడికి వస్తాయి. ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి, లోపలి అతుకులు కంటికి ఆననంత సన్నగా పగులుతాయి. వాటిని చెవితోనే పట్టుకోవాలి. మికురియా చెవులకేమో యాభై దాటాక సన్నని శబ్దాలు అందడం మానేశాయి. స్నానానికి నీళ్లు కాగాయని గీజరు గంట మోగుతుంటే కదలకుండా పేపరు చదువుతున్న మొగుణ్ణి చూసి ఆ సంగతి సయోకోయే కనిపెట్టింది. మర్నాటి నుంచీ పీట మీద కూర్చుంది. ఒప్పందాలేమీ జరగలేదు. చెవి ఆవిడది, పేరు ఆయనది.

ఎవరైనా ఉన్నప్పుడు ఆవిడ టీ పళ్లెం పట్టుకుని మూలన నిలబడుతుంది. వేలు పళ్లెం అంచు మీద లేస్తుంది. మికురియా తల పక్కకు వంచి, కళ్లు సగం మూసి, "ఊఁ, ఇక్కడున్నాడు దొంగ" అంటాడు. చూసినవాళ్లు దణ్ణం పెట్టినంత పని చేస్తారు. నటనలో మాత్రం మనిషి గట్టివాడే.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల పాత ఆడియో అభిమానుల సంఘం అతనికి సన్మానం తలపెట్టింది. సన్మానపత్రం రాసేది కజివారా అనే రిటైరైన పళ్ల డాక్టరు. ఈ ఆంప్లిఫయరూ ఆయనదే. కుడివైపు ఉన్నట్టుండి మూగబోతోందని తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం తీసుకెళ్లడానికి వస్తున్నాడు.

టంకం ఆరేదాకా ఆగి సయోకో అంది. "ఏవండీ, ఆయన మీ చెవి సంగతి అడుగుతాడు కదా. ఈ ఒక్కసారికి నా పేరు కూడా చెప్పండి."

"ఏమని చెప్పను?"

"నేను వింటానని. అంతే."

"చెప్తాలేవే. పెద్ద కోరిక కోరావు!"

ఆవిడకు అది నిజంగానే పెద్ద కోరిక. పిల్లల్లేరు. వండటం, కడగటం ఎటూ లెక్కలోకి రావు. ఈ లోకంలో ఆవిడ చేసిన పనంటూ ఉంటే ఇదొక్కటే. అందుకే జుట్టు తీరిగ్గా దువ్వుకుని, వీధి చివరికెళ్లి, ఎర్ర చిక్కుడు గింజల ముద్ద పెట్టిన మిఠాయి కొనుక్కొచ్చింది.

కజివారా వచ్చాడు. మిఠాయి తిన్నాడు. వేళ్లు తుడుచుకుని అడిగాడు.

"మాస్టారూ, ఈ చెవి మీకెలా అబ్బిందో కాస్త చెబుదురూ. పత్రంలో రాయాలి."

టీ పోస్తున్న సయోకో చెయ్యి ఆగింది. మికురియా ఆవిడ వైపు చూశాడు కూడా. చూసి నవ్వాడు.

"అబ్బడమేంటి డాక్టరుగారూ, పుట్టుకతో వచ్చింది! ఇంట్లో అందరికీ వస్తుందా ఏంటి? మా ఆవిణ్ణి చూడండి, నెత్తి మీద రైలు కూసినా తెలీదు. టీ మాత్రం బ్రహ్మాండంగా పెడుతుంది."

"అదీ రాస్తా, అదీ రాస్తా!" డాక్టరు పడీపడీ నవ్వాడు.

బయటివాళ్ల ముందు పెళ్లాన్ని తీసిపారెయ్యడం ఆ ఊళ్లో మర్యాద. పెళ్లాం తలొంచుకుని నవ్వడమూ మర్యాదే. సయోకో నవ్వింది. నవ్వుతూనే మిగిలిన మిఠాయిని ఇద్దరి ముందు నుంచీ తీసేసింది.

అప్పగించే ముందు యజమాని ఎదుట మరోసారి తట్టి చూపించడం మికురియాకు ఆనవాయితీ. వయొలిన్ రికార్డు పెట్టి పుల్ల తీసుకున్నాడు. వెనక మూల అతుకు దగ్గర మళ్లీ ఆవాలు చిటపటలాడాయి. మికురియా అలవాటుగా ఆవిడ వైపు ఓరగా చూశాడు. పళ్లెం అంచు మీద వేలు లేవలేదు.

సయోకో డాక్టరు మొహం కేసే చూస్తోంది. ఇప్పుడు భృకుటి ముడిపడుతుంది, ఇదేం చప్పుడు మాస్టారూ అంటాడు, ఈయన పరువు పోతుంది. పోనీ, పోవాల్సిందే అనుకుంది.

కజివారా కళ్లు తడి అయ్యాయి. "ఆహా! స్ఫటికంలా ఉందండీ. కొన్ననాడు కూడా ఇంత శుభ్రంగా పలకలేదు."

ఆవాలు చిటపటలాడుతూనే ఉన్నాయి. ముసలివాళ్లిద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ తలలూపుతున్నారు. డాక్టరు చెవులూ ఎప్పుడో పోయాయని సయోకోకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా ఈ గడప తొక్కినవాళ్లంతా ఆ వయసువాళ్లే. తను వేలెత్తినా ఎత్తకపోయినా వాళ్లకు ఒకటే. పేరు రాలేదన్న ఏడుపు దీని ముందు ఎంత? పగ తీర్చుకోవాలన్నా అవతల వినే చెవి ఒకటుండాలి కదా.

డాక్టరు పెట్టెతో వెళ్లిపోయాక ఆవిడ కప్పులు కడిగి బోర్లించింది. చిన్న సంచీ సర్దుకుంది.

"వకయామాలో అక్క దగ్గరికి పోతున్నా. ఇక అక్కడే ఉంటా."

మికురియా ఇంకో పెట్టెకు తీగలు తగిలిస్తున్నాడు, వెనక్కి తిరగలేదు. "పోయి రా. రేపు పొద్దున్నే దీన్ని తట్టాలి, తొందరగా వచ్చెయ్."

గడప దాటేవాళ్లు వెళ్ళొస్తానని కేకెయ్యడం అక్కడా ఉన్నదే. సయోకో కేకెయ్యలేదు.

పొద్దున్నే మికురియా రికార్డు పెట్టి, పుల్లతో మొదటి అతుకు తట్టి, అలవాటుగా పక్కకు చూశాడు. ఎవరూ లేరు. రెండోసారి తట్టాడు. కుడి స్పీకరు మీద ఆవిడ వంటింటి ఏప్రన్ నాలుగు మడతలు పెట్టి ఉంది. మంద్రస్వరం వచ్చినప్పుడల్లా దాని నాడా కొస కొద్దిగా వణుకుతోంది.