స్క్రూ మీద ఎర్ర చుక్క

టేపు డెక్కు మరమ్మతులో ఆఖరి పని చెవిది. టేపు రాసుకుంటూ పోయే హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే పాట తేటపడుతుంది, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే మందగిస్తుంది. పాట పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పుతాను. అసలు చోటు దొరికాక అది కదలకుండా పైన గోళ్ళరంగు ఒక చుక్క వేస్తాను. అదీ స్క్రూ గాడిలో సగం వరకే. మిగతా సగం కావాలనే వదిలేస్తాను. ఎవడైనా వేలు పెడితే నాకు తెలియాలి కదా.

ఆ చెవిని చూసుకుని మిడిసిపడ్డ మాట నిజమే. "నా చెవి తప్పిన రోజు షట్టరు దించేస్తాను, మళ్ళీ ఎత్తను" అని మా ఆవిడతో ఎన్నిసార్లు అన్నానో. నా మాటంటే మాటే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

మా బావమరిది నా దగ్గరే పని నేర్చుకున్నాడు. వాడికి చెవి మీద నమ్మకం లేదు. తెర మీద గీతలు చూపించే స్కోపు ముందు కూర్చుంటే తప్ప స్క్రూ ముట్టుకోడు. అందుకే వాణ్ణి స్కోపనే పిలిచేవాణ్ణి. ఇక రంగు వేయమంటే గోడకు సున్నం కొట్టినట్టు స్క్రూ మొత్తం ముంచేస్తాడు. "చుక్కంటే చుక్కరా, నీ మొహం!" అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. చివరికి ఒకరోజు "బావా, ఓసారి చెవులు చూపించుకోరాదూ" అన్నాడు. అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "మళ్ళీ నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అని పంపించేశాను. వాడు పక్క వీధిలో సొంత షాపు పెట్టుకున్నాడు. మా ఆవిడ ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. తమ్ముణ్ణి కాదని నా పక్షాన ఉందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి!

అప్పటినుంచే ఆవిడ ఒక కొత్త పద్ధతి పెట్టింది. బాగైన సెట్టు ఏదైనా ఒక రోజు షాపు పైనున్న మా ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత తనే కస్టమరు చేతికివ్వాలి. "వేడెక్కి, చల్లారి, కుదురుకోవాలి కదండీ" అంది. నా పని మీద ఆవిడకు ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను.

పోయిన వారం ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. అప్పుడే డ్రిల్లు మాస్టారి డెక్కు తయారైంది. ఏటా సర్వీసుకు నా దగ్గరికే తెస్తారాయన. కుదురుకోవడాలూ గిదురుకోవడాలూ లేకుండా నేనే ఆయన చేతిలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే డెక్కు చంకన పెట్టుకుని ఆయన మళ్ళీ దిగారు.

"ఏంటోనయ్యా, ముక్కు దిబ్బడేసినట్టు పాడుతోంది" అన్నారు.

అక్కడే పెట్టి వినిపించాను. నాకైతే గలగలా వినిపిస్తోంది. "ఒకసారి మీ చెవుల్లో దూది ఉందేమో చూసుకోండి మాస్టారూ" అన్నాను.

"సర్లే, మీ ఆవిణ్ణి రానీ. ఎప్పట్లాగే ఆవిడ తీసుకెళ్ళి..." అంటూనే నాలుక కరుచుకున్నారు.

"ఎప్పట్లాగే తీసుకెళ్ళడమేంటి? ఎక్కడికి?"

ఏదో పనుందంటూ డెక్కు అక్కడే వదిలేసి జారుకున్నారు. మైదానమంతా అదిరేలా ఈల ఊదిన మనిషి, నా మొహం చూడలేకపోయారు.

షెల్ఫులో ఇంకో డెక్కు ఉంది. మా ఆవిడ ఊరెళ్ళకముందే అది పైన 'కుదురుకుని' వచ్చింది. కస్టమరు రాక ఆగిపోయింది. దాని మూత విప్పాను.

స్క్రూ నిండా ఎరుపు. గాడి కూడా కనబడటం లేదు. రంగు నాదే, నా సొరుగులోని సీసాలోదే. చెయ్యి మాత్రం నాది కాదు, ఆ సున్నం కొట్టేవాడిది. సీసా కూడా ఆవిడే పట్టుకెళ్ళి ఇచ్చి ఉంటుంది.

స్టూలు మీద కూలబడ్డాను. ఎన్నాళ్ళుగా సాగుతోందిది? "మీ చెయ్యి పడితే చాలండీ" అని నన్ను పొగిడిన ప్రతివాడూ వాడి పనిని పొగిడాడన్నమాట. అందులో ఎంతమందికి అసలు సంగతి తెలుసో. అందరూ కలిసి నా ముందు నాటకమాడారు. తడిగుడ్డతో గొంతు కోశారు, అదీ నా ఇంట్లోవాళ్ళే. పగవాడైనా మొహం మీద చెప్పి పోతాడు కదా!

మా ఆవిడ ఊరినుంచి వచ్చింది. సంచి కింద పెట్టకముందే, మూత విప్పిన డెక్కు ముందుకు తోశాను.

"ఈ రంగు ఎవరు వేశారు?"

ఆవిడ చూసింది. మొహం పాలిపోయింది. "తమ్ముడికి ఒక్కసారి చూపించానంతే. మీరు బాగా అలిసిపోయారని..."

"ఒక్కసారేనా?"

"ఏదో చిన్న తేడా ఉందన్నాడు. మీ చెవికేం కాలేదండీ, నా మీద ఒట్టు. షట్టరూ గిట్టరూ అనకండి."

ఆ ఒట్టును నమ్మాలనిపించింది. కోపం కోపంగానే ఉంది, అయినా ఆ క్షణంలో నమ్మడానికి సిద్ధపడ్డాను. సొరుగు అడుగున ఒక పరీక్ష టేపు ఉంది. అందులో పాటలుండవు. మొదటినుంచి చివరిదాకా ఈలలాంటి సన్నని కూత ఒకటే ఉంటుంది. చెవి ఉండగా ఇదెందుకని ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. బావమరిది సరిచేసిన ఆ డెక్కులోనే పెట్టి మీట నొక్కాను.

ఏమీ రాలేదు. వాల్యూమ్ పెంచాను. అయినా ఏమీ లేదు.

"టేపు చెరిగిపోయిందా ఏంటి? నీకేమన్నా వినబడుతోందా?"

ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది. "లేదండీ. పాతది కదా, పాడైపోయుంటుంది."

డెక్కు ముందువైపు, శబ్దాన్ని కొలిచే మీటరులో సూది లేచి నిలబడి ఉంది. టేపులో శబ్దం లేకపోతే అది లేవదు. ఆవిడ దాన్ని చూడలేదు.

వాల్యూమ్ ఇంకా పెంచాను. కసిగానే పెంచాను. ఆవిడ భుజాలు చెవులదాకా లేచాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు చెవుల మీదికి పోకుండా సంచిని గుండెకు హత్తుకుని పట్టుకుంది.

"ఇప్పుడు?"

"ఏమీ లేదండీ!" అంది. పక్కనే నిలబడి, హోరులో మాట్లాడే మనిషిలా అరిచింది.

ఆపే మీట నొక్కాను. ఆవిడ భుజాలు కిందికి దిగాయి. శబ్దం ఆగిందని నాకు అలా తెలిసింది.